కొత్త వంటిల్లు.. ఫీజు డబ్బు ముట్టుకోకుండా

టర్మ్ ఫీజు గడువు దగ్గరపడుతున్నప్పుడు వంటిల్లు బాగు చేయించే మాట ఎవరూ ఎత్తరు. ముందు పిల్లల చదువు, తర్వాత ఇంటి రిపేర్లు. మీ ఇంట్లోనూ ఇదే వరస అయి ఉంటుంది. మేం ములుగులో ఉంటాం. పాప తొమ్మిదో తరగతి, బాబు ఐదో తరగతి. పాప ఇంటర్ కోసం నెలనెలా చిట్టీ కడుతున్నాం. ఆ డబ్బు జోలికి పోకుండా, అప్పు చేయకుండా మా వంటిల్లు ఎట్లా కొత్తగా చేయించుకున్నామో రాస్తున్నాను. మీలో ఎవరికైనా అక్కరకొస్తుంది.

మాకు వాయిదా వేసుకునే వీలు లేకుండా చేసింది 2023 జులై వాన. ఆ నెల 27న మన ములుగు జిల్లా వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వర్షం నమోదైంది. రాష్ట్రంలో అంతకుముందు ఎప్పుడూ ఒక్క రోజులో అంత వాన నమోదు కాలేదు. ఊళ్ళకు ఊళ్ళే నష్టపోయిన ఆ రోజుల్లో మా ఇంటికి జరిగింది చాలా చిన్నది. వంటింటి స్లాబు కారింది, ఉత్తరం గోడ మొత్తం నానింది, గోడకున్న చెక్క అల్మారా ఉబ్బి తలుపులు పడకుండా అయ్యాయి. నెల తిరక్కుండా దానికి చెదలు పట్టింది.

ముందు అంకె, తర్వాత బొమ్మ

హన్మకొండలో ఒక ఇంటీరియర్ షాపుకు వెళ్ళాం. కంప్యూటర్‌లో రంగురంగుల బొమ్మ చూపించి 2 లక్షల 85 వేలు అన్నారు. నెలనెలా కట్టుకోవచ్చన్నారు. మా ఆయనకు బొమ్మ బాగా నచ్చింది. తలుపుల లోపల ఏ చెక్క వాడతారని అడిగితే మూడుసార్లు అడిగాక గానీ పార్టికల్ బోర్డు అని చెప్పలేదు. చెక్కపొట్టును జిగురుతో అదిమి చేసే బోర్డు అది. పొడిగా ఉండే గదిలో బాగానే ఉంటుంది. నీళ్ళు తగిలితే ఉబ్బుతుంది. నానిన గోడ ఉన్న ఇంటికి, అదీ మా వైపు వానలకు, అది పనికిరాదు.

ఆ రాత్రి నలుగురం కూర్చున్నాం. అత్తమ్మతో కలిపి ఐదుగురం. నోటు పుస్తకంలో మొదటి పేజీలో ఒకటే అంకె రాశాం: 1,30,000. మా ఇద్దరి దగ్గర చిట్టీ కాక ఉన్న పొదుపు అంతే. అందులో పదో వంతు, అంటే 13,000, అనుకోని ఖర్చుకని పక్కన పెట్టాం. మిగిలిన 1,17,000లో ఏమొస్తుందో అదే వంటిల్లు. షాపులో బొమ్మ చూసి డబ్బు వెతుక్కోవడం కంటే, డబ్బు చూసుకొని బొమ్మ గీసుకోవడం మేలనుకున్నాం. ఈ ఒక్క పేజీ తర్వాత చాలా గొడవలు తప్పించింది.

గోడ ఆరేదాకా ఆగడం

పని ఆగస్టులోనే మొదలుపెడదామని నాకు తొందర. "గోడ ఆరనియ్యి బిడ్డా, తడి గోడకు ఏం పెట్టినా ఉండదు" అంది అత్తమ్మ. మేస్త్రి కూడా అదే అన్నాడు. వానలు తగ్గాక అక్టోబర్‌లో స్లాబు మీద పగుళ్ళు పూడ్పించి, గోడ పాత ప్లాస్టరింగ్ కొట్టేయించి కొత్తది వేయించాం. దీనికే 18,000 అయింది. కంటికి కనిపించే పని ఒక్కటీ లేదు. కానీ మొత్తంలో ముఖ్యమైన ఖర్చు ఇదే. తర్వాత నెలకు పైగా ఆరనిచ్చాం.

ఆ మధ్యలోనే సామాన్లు చూసుకున్నాం. అక్టోబర్ 9న అసెంబ్లీ ఎన్నికల కోడ్ వచ్చింది గదా, కాగితాలు లేకుండా 50 వేలకు మించి నగదు పట్టుకొని తిరిగితే పట్టుకుంటారు. అందుకని ప్రతి కొనుగోలూ ఫోన్ నుంచో బ్యాంకు నుంచో కట్టి బిల్లు తీసుకున్నాం. కోడ్ పోయినా ఆ అలవాటు మంచిదే. తర్వాత ఒక నల్లా లీకయితే, బిల్లు ఉంది కాబట్టి షాపతను మారు మాట్లాడకుండా మార్చిచ్చాడు.

గజం టేపు పిల్లల చేతికి

మా వంటిల్లు 10 అడుగులు, 8 అడుగులు. పాప గ్రాఫ్ పేపర్ మీద గది గీసింది. పది అడుగుల గోడ పొడవునా గట్టు, పక్క గోడకు మరో ఐదడుగులు, వెడల్పు రెండడుగులు. అంటే 30 చదరపు అడుగుల గ్రానైటు. అంచులకు, తరుగుకు కలిపి 38 అడుగులు చాలని లెక్క కట్టింది. షాపులో 50 అన్నారు. పాప కాగితం చూపించి 38కే ఒప్పించింది. లెక్కల పరీక్షలో మార్కుల కంటే ఆ రోజు తనకు ఎక్కువ సంతోషమనిపించింది.

బాబుకు ఇంకో పని. ఒక సాయంత్రం నేను వంట చేస్తుంటే ఎన్నిసార్లు అటూ ఇటూ తిరిగానో లెక్కపెట్టాడు. ఫ్రిజ్ హాల్లో ఉండడం వల్ల ఒక్క పూట వంటకే 31 సార్లు హాల్లోకి వెళ్ళొచ్చాను! ఫ్రిజ్, సింకు, పొయ్యి మూడూ నాలుగడుగుల దూరంలో ఉండేలా మార్చాం. దీనికి ఖర్చు ఒక ప్లగ్గు పాయింటే.

ఇట్లా అడుగులు లెక్కపెట్టడం కొత్తేమీ కాదు. 1926లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో మామూలు జనం కోసం కట్టే ఇళ్ళకు మార్గరెటె షుట్టె లిహోట్స్కీ అనే ఆర్కిటెక్టు ఒక చిన్న వంటిల్లు గీసింది. రైలు డైనింగ్ పెట్టెల్లో అంత ఇరుకులో వంట ఎట్లా చేస్తారో చూసి, ప్రతి వస్తువూ చేతికందేలా అమర్చింది. సుమారు 10 వేల ఇళ్ళలో అది పెట్టారు. ఇవాళ మనం మాడ్యులర్ కిచెన్ అంటున్నదానికి మూలం అదే. దాని కొలత దాదాపు 70 చదరపు అడుగులు, మాది 80. కాకపోతే అది ఒక్క మనిషి పని చేసుకోవడానికి గీసింది. మన ఇళ్ళల్లో కూరగాయలు కోసేది ఒకరు, పొయ్యి దగ్గర ఒకరు, మధ్యలో నీళ్ళ సీసా నింపుకోవడానికి ఒకరు. ఆ ముగ్గురికీ చోటుండాలి.

ఎత్తు ఎవరి కోసం?

మాకు ఎక్కువ చర్చ జరిగింది గట్టు ఎత్తు మీద. నిలబడి మోచెయ్యి వంచితే, దానికి నాలుగు నుంచి ఆరు అంగుళాలు కింద గట్టు ఉండాలి. అంతకంటే కిందికుంటే నడుం నొప్పి, పైకుంటే భుజం నొప్పి. నా ఎత్తుకు 34 అంగుళాలు కావాలి. అత్తమ్మకు 30. ఆమెకు మోకాళ్ళ నొప్పులు, ఎక్కువసేపు నిలబడలేదు. ఇన్నాళ్ళూ కింద కూర్చొని కత్తిపీటతో కోసేది, లేవడానికి గోడ పట్టుకునేది.

"నాదేముంది, మీకు ఎట్లుంటే అట్ల కట్టుకోండ్రి" అంది. ఆ మాట అన్నాక ఆమె ఆ వారమంతా వంటింట్లోకి రావడం తగ్గించింది. కొత్త వంటింట్లో తన చోటు పోయిందనుకుందని పాపే కనిపెట్టింది. అందుకే పెద్ద గట్టు 33 అంగుళాలకు ఒప్పుకొని, ఎదురు గోడకు 26 అంగుళాల ఎత్తులో మూడడుగుల చిన్న గట్టు కట్టించాం. కుర్చీ వేసుకొని కూర్చుంటే సరిగ్గా సరిపోతుంది. ఉన్న గ్రానైటు ముక్కతోనే అయిపోయింది. పొద్దున అత్తమ్మ అక్కడ కూరగాయలు కోస్తుంది, సాయంత్రం బాబు హోంవర్క్ రాస్తాడు. మీ ఇంట్లో పెద్దవాళ్ళుంటే మేస్త్రికి కొలత చెప్పేముందు వాళ్ళను ఒకసారి నిలబెట్టి, కూర్చోబెట్టి చూడండి.

ఎక్కడ తగ్గించాం, ఎక్కడ తగ్గించలేదు

గట్టు కింద అరలకు చెక్క వాడలేదు. కడప బండలు నిలబెట్టి, అడ్డంగా వేయించాం. నీళ్ళకు ఉబ్బవు, చెదలు పట్టవు. వాటికి అల్యూమినియం ఫ్రేము తలుపులు మాత్రం పెట్టించాం. గోడకు పైన అల్మారాలు మానేశాం. పాత స్టీలు గిన్నెల స్టాండును తోమి మళ్ళీ బిగించాం. టైల్స్ గోడౌన్‌లో మిగిలిపోయిన లాటు నుంచి తెచ్చాం. ఒకే బ్యాచి నంబరు ఉన్న పెట్టెలు చూసుకుంటే రంగులో తేడా రాదు.

మీరు ప్లైవుడ్డే పెట్టించుకునేటట్లయితే సింకు దగ్గరకు ఐఎస్ 710 ముద్ర ఉన్నది అడగండి. అది నీళ్ళకు తట్టుకునే రకం. ఐఎస్ఐ గుర్తు కింద ఉండే లైసెన్సు నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూస్తే అసలుదో కాదో తెలుస్తుంది. స్టీలు బుట్టలకు అయస్కాంతం పెట్టి, అంటుకోకపోతే మంచి స్టీలని చెబుతుంటారు. 304 రకానికీ, తొందరగా తుప్పుపట్టే 202 రకానికీ రెండింటికీ అయస్కాంతం సరిగా అంటుకోదు. కాబట్టి బిల్లు మీద రకం రాయించుకోవడమే దారి.

కరెంటు, గ్యాస్ దగ్గర ఒక్క రూపాయి తగ్గించలేదు. 2000 వాట్ల ఇండక్షన్ పొయ్యి 230 వోల్టుల మీద దాదాపు 8.7 ఆంపియర్లు లాగుతుంది. మామూలు 6 ఆంపియర్ల ప్లగ్గు కాలిపోతుంది, 16 ఆంపియర్లది కావాలి. ఈ భాగహారం కూడా పాపే చేసింది. గ్యాస్ గాలికంటే బరువు, లీకైతే నేల మీదే పరుచుకుంటుంది. అందుకే సిలిండర్ అర తలుపుకు అడుగున గాలి పోయే సందులు పెట్టించాం. గ్యాస్ సురక్ష పైపును ఐదేళ్ళకోసారి మార్చాలి, దాని మీద తేదీ ఉంటుంది. ఇది చదవడం అయ్యాక మీ ఇంట్లో పైపు ఒకసారి చూడండి.

26 రోజుల లంచ్ బాక్స్

డిసెంబర్ మొదటి వారంలో పని మొదలైంది, 26 రోజులు పట్టింది. ముందు పైపులు, తర్వాత కరెంటు, తర్వాత గట్టు, టైల్స్, తలుపులు, చివర రంగు. ఈ వరస మారితే వేసింది పగలగొట్టాల్సి వస్తుంది. ఆ రోజులన్నీ వరండాలో ఒక్క పొయ్యి మీదే వంట. స్కూల్ బస్సు పొద్దున్నే వస్తుంది గదా, వారానికి సరిపడా బాక్సుల జాబితా ఆదివారమే రాసుకున్నాం. పులిహోర, టమాట అన్నం, ఉప్మా, చపాతీ, మళ్ళీ పులిహోర. రెండో వారానికి బాబు "అమ్మా, ఇంకా ఎన్ని పులిహోరలు?" అని క్యాలెండర్ మీద గీతలు కొట్టడం మొదలుపెట్టాడు.

పాత గచ్చు తవ్వితే కింద మురుగు పైపు పగిలి ఉంది. అది మార్చడానికి, అదనపు కూలికి కలిపి 10,500 అయింది. పక్కన పెట్టిన 13,000 అక్కడ ఆదుకుంది.

మా లెక్క ఇది, మీ ఊళ్ళో ధరలు వేరుగా ఉండొచ్చు: స్లాబు, గోడ 18,000, పైపులు, సింకు, నల్లాలు 13,500, కరెంటు 9,500, గ్రానైటు, కడప బండలు 16,000, మేస్త్రి, కూలీలు 22,000, టైల్స్ 12,500, తలుపులు 21,000, స్టీలు బుట్టలు 5,000, ఎగ్జాస్ట్ ఫ్యాను 2,200, రంగు 4,300, ఆటో, ట్రాలీ కిరాయిలు 3,500. మొత్తం 1,27,500. మిగిలింది 2,500.

ఆ 2,500 ఏం చేయాలో ఓటు పెట్టాం. అత్తమ్మ చిన్న గట్టు దగ్గరకు వీపు ఆనించుకునే గట్టి కుర్చీ కొనాలని నాలుగు ఓట్లు పడ్డాయి. వద్దన్న ఓటు ఆమెదే.

2024 ఫిబ్రవరి 21 నుంచి 24 దాకా మేడారం జాతర. మాది మేడారం తొవ్వ మీద ఊరు కాబట్టి జాతర ఏడాది చుట్టాలు రాకుండా ఉండరు. ఆ నాలుగు రోజులూ మా వంటింట్లో ఒక్కోసారి ఐదుగురు ఆడవాళ్ళం, ఇద్దరు మగవాళ్ళు కలిసి పని చేశాం. ఎవరికీ ఎవరూ అడ్డం రాలేదు. అత్తమ్మ కుర్చీలో కూర్చొని ఉల్లిగడ్డలు కోస్తూ, ఏ డబ్బా ఎక్కడుందో అందరికీ చెప్పింది. అదే నెల చిట్టీ వాయిదా, టర్మ్ ఫీజు రెండూ గడువులోపే కట్టాం.

వచ్చే సెలవుల్లో మీ వంటిల్లు మార్చినా మార్చకపోయినా, ఒక సాయంత్రం టేపు, గ్రాఫ్ పేపరు మీ పిల్లల చేతికిచ్చి చూడండి. మా నోటు పుస్తకం ఇప్పుడు పాప దగ్గరే ఉంది. చివరి పేజీలో "బాత్‌రూమ్" అని రాసి, కింద గీత గీసి, అంకె కోసం ఖాళీ వదిలింది.