మా స్లైడ్లు డబ్బాలు డబ్బాలుగా వచ్చిన రోజు



మేము జహీరాబాద్‌ల హాస్టల్‌లో ఉండి డిగ్రీ చదువుతున్న ముగ్గురు తండా ఆడపిల్లలం. మా ముగ్గురి ఇండ్లల్ల కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. మొన్న సెమినార్‌లో చిరుధాన్యాల మీద పది నిమిషాలు మాట్లాడినం. రేపు మీకూ ఈ పని పడుతది కాబట్టి ఎట్ల తయారైనమో, ఎక్కడ తప్పు చేసినమో రాస్తున్నం.

ఫస్టియర్‌ల మాలో ఒకామె మాట్లాడుతుంటే వెనక బెంచీల నుంచి నవ్వులు వినబడ్డయి. ఇంట్ల గోర్ బోలి, బయట తెలుగు, స్లైడ్ మీద ఇంగ్లిష్. మూడింటి మధ్య నాలుక తడబడింది, అంతే. అప్పటి నుంచి ఆమె "నేను స్లైడ్లు మారుస్త, మీరు మాట్లాడుండ్రి" అంటది. ఈసారి కూడా అదే అన్నది, మేమూ సరే అన్నం. అది మా మొదటి తప్పు.

రెండో తప్పు స్లైడ్లు. 2023ను ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది కదా, నెట్‌లో సమాచారం కుప్పలుగా ఉన్నది. దొరికిందల్లా తెచ్చి 22 స్లైడ్లు చేసినం. రాత్రి తిన్నంక డాబా మీద ఫోన్‌ల రికార్డు చేసుకొని చూస్తే 18 నిమిషాలు! అదీగాక ల్యాప్‌టాప్ దిక్కే మొఖం పెట్టి చదువుతున్నం. వినేటోళ్లకు కనబడేది మా జడలే.

అప్పుడు పాత పంటల జాతర యాదికొచ్చింది. ఏటా సంక్రాంతికి పస్తాపూర్ డీడీఎస్ సంఘాల ఆడోళ్లు ఎడ్లబండ్లను ముస్తాబు చేసి, విత్తనాల బుట్టలు పెట్టుకొని ఊరూరు తిరుగుతరు. వాళ్లల్ల చానామంది బడికి పోని దళిత చిన్న రైతులు. 2008 అక్టోబర్ 15 నుంచి మాచునూరుల సంఘం రేడియో నడిపేది కూడా ఆ సంఘాల ఆడోళ్లే. 2019లో డీడీఎస్‌కు ఈక్వేటర్ ప్రైజ్ కూడా వచ్చింది. జాతరల వాళ్లు పేపర్ చూసి చదవరు. మన అరచేతిల గింజలు పోసి "ఇదేం గింజ?" అని అడుగుతరు. మనం జవాబు చెప్పినంకనే వాళ్ల మాట మొదలైతది.

మేమూ అట్లనే చేద్దామనుకున్నం. 22 స్లైడ్లు 6 చేసినం. మొదటి మాట, ఆఖరి మాట మాత్రమే బట్టీ పట్టినం, నడుమది రోజుకో తీరుగ చెప్పి చూసుకున్నం. బజార్ల పచ్చజొన్న, కొర్ర, సామ పొట్లాలు కొన్నం.

సెమినార్ రోజు పెన్‌డ్రైవ్ పెట్టంగనే తెలుగు అక్షరాలన్నీ డబ్బాలు డబ్బాలు! ఆ కంప్యూటర్‌ల మేం వాడిన ఫాంట్ లేదు. (పీడీఎఫ్ చేసుకొని పోండ్రి, ఒక రోజు ముందే ఆ గదిల పెట్టి చూసుకోండ్రి.) చేతులు వణికినయి గానీ పొట్లాలు విప్పి బెంచీలకు పంపినం. ఒకతను సామల్ని గడ్డి గింజలన్నడు. అందరూ నవ్విండ్రు, మేమూ నవ్వినం.

ఆఖర్ల సార్ అడిగిండు: "అంత మంచివైతే మీవోళ్లు ఎందుకు ఇడిసిపెట్టిండ్రు?"

స్లైడ్లు లేవు కాబట్టి మార్చేటామెకు పని లేదు. ఆమెనే లేచింది.

"మా దాదీ చిన్నప్పుడు జొన్న బాటే తిన్నది. 1983ల రెండు రూపాయల కిలో బియ్యం వచ్చినంక రాళ్ల చెల్కల జొన్న ఎందుకన్నరు. బియ్యం తప్పు కాదు సార్, ఆకలికి అదే ఆదుకున్నది. జొన్న కూడా రేషన్‌ల ఇచ్చుంటే చెల్క బతికేది. ఇప్పుడది పడావు పడ్డది. మా యాడీ, బాపు చెరుకు కొట్ట పోతరు."

1990లల్ల డీడీఎస్ సంఘాలు తమ ఊర్లల్ల పండిన జొన్నలు నిల్వ చేసి పేదలకు తక్కువ ధరకు ఇచ్చినయని మేం ఇద్దరం అందుకున్నం. ఎవరో "బాటి అంటే ఏంది?" అని అడిగిండ్రు. "రొట్టె" అన్నది ఆమె. ఎవ్వరూ నవ్వలే.

ఎకరాకు సామలు ఎంత పండుతయని ఇంకొకరు అడిగిండ్రు. మాకు తెలువదు. "కనుక్కొని చెప్తం" అన్నం.

మార్కులు ఇంకా వెయ్యలే. వచ్చే నెల జూనియర్ల సెమినార్లు ఉన్నయి. మా హాస్టలోళ్లు రాత్రి తిన్నంక డాబా మీదికి రాండ్రి. మిగిలిన గింజలు దాచిపెట్టినం.