సున్నపు నేలలో మెత్తబడే బత్తాయి

నార్కట్‌పల్లి–అద్దంకి రోడ్డు మీద మాడుగులపల్లి టోల్‌గేటు దాటి లోపలికి తిరిగితే వరి మడుల నడుమ అక్కడక్కడా బత్తాయి తోటలు. నేను వెళ్లిన తోటలో ఆ ఉదయం కాల్షియం నైట్రేట్ కొడుతున్నారు, లీటరు నీళ్లకు 10 గ్రాముల చొప్పున. పిందెలు గోలీకాయంత ఉన్నాయి.

"కాయ గట్టిగుంటెనే లారీ ఎక్కుతది సార్. మెత్తదైతే ఢిల్లీ పోయేసరికి అడుగున కాయంత నుజ్జయితది" అన్నాడు రైతు.

ఈ నేలలో సున్నానికి కరువేమిటని అడిగాను. వాడపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీలు నడిచేదే సున్నపురాయి మీద. ఈ తోటలో డ్రిప్పు పైపుల చివర్లు సైతం తెల్లగా పెచ్చు కట్టాయి. అయినా కాయకు కాల్షియం చాలదు. వేరు పీల్చిన కాల్షియం నీటి వెంటే పైకి పోతుంది. నీటిని ఎక్కువగా ఆవిరి చేసేది ఆకులు కనుక పెద్ద వాటా వాటికే. ఆకులో కుదురుకున్నది మళ్లీ కాయకు రాదు. అందుకే మందు కాయ మీదే పడాలి, అదీ తొక్కపై మైనం పొర ముదరకముందే. కణాల గోడల్లోని పెక్టిన్‌ను కాల్షియమే బిగించి పట్టుకుంటుంది. ఆ పట్టు సడలితే కాయ మెత్తబడుతుంది. ఆపిల్ కాయపై గోధుమరంగు గుంటలు పడే జబ్బుకూ చాలా దేశాల్లో ఈ పిచికారీనే వాడతారు.

డ్రమ్ము దగ్గర కూలీ మెగ్నీషియం సల్ఫేట్ సంచి విప్పబోతే రైతు ఆపాడు. రెండు గ్లాసుల్లో రెంటినీ చిక్కగా కరిగించి ఒకదాంట్లో ఒకటి పోసి చూపించాడు. నీళ్లు పాలలా విరిగి అడుగున తెల్లటి మడ్డి దిగింది. అది జిప్సం. నాజిల్ పూడుతుంది, కాల్షియం కాయకు అందదు. ఒక కూలి మిగులుతుందని అన్నీ కలిపి కొట్టేవాళ్లు ఈ గ్లాసు ఒక్కసారి చూడాలి.

పిచికారీ ఒక్కటే చాలదని మాత్రం గట్టిగా చెబుతాను. బత్తాయి మెత్తబడటంలో తొక్క నుంచి తేమ పోవడానిదీ పెద్ద పాలే. తొడిమ ఊడేలా లాగి కోసి, ఎండలో కుప్ప పోస్తే కొట్టిన మందంతా వృథా.

ఈ రైతు రెండు సాళ్లు మందు కొట్టకుండా వదిలేశాడు. కోత అయ్యాక రెండు రకాల కాయలూ షెడ్డులో విడివిడిగా పెట్టి, రోజు విడిచి రోజు తూకం వేసి, నొక్కి చూస్తాడట.