పొడి రాత

‘ఈ కాగితం జిరాక్సు తీయించుకురా’ అంటాము. ఒక సంస్థ పేరే పనికి పేరైపోయింది. ఆ మాటకు మూలమైన గ్రీకు పదానికి ‘పొడి’ అని, అంటే తడి లేనిదని అర్థం. మన భాషలో పొడి అంటే చూర్ణం కూడాను. నకలు యంత్రం రాసేది నల్లని పొడితోనే కనుక ఆ పేరు మనకే బాగా అతికినట్లు నాకు తోస్తుంది.

1938 అక్టోబరు 22న న్యూయార్క్ నగరంలోని ఆస్టోరియాలో చెస్టర్ కార్ల్‌సన్ ఈ విధానంతో తొలి నకలు తీశాడు. గంధకం పూసిన జింకు పలకను గుడ్డతో రుద్ది, దానికి విద్యుదావేశం కలిగించాడు. అక్షరాలు రాసిన గాజుపలక గుండా దానిపై వెలుతురు ప్రసరింపజేశాడు. వెలుతురు పడినచోట ఆవేశం తొలగిపోయింది. అక్షరాల నీడలో మిగిలిన ఆవేశానికి, పైన చల్లిన పొడి అంటుకొన్నది. నేటి యంత్రాలలో పలకకు బదులు డ్రమ్ము తిరుగుతున్నది గాని మూలసూత్రం మారలేదు.

మా కళాశాల కార్యాలయానికి యంత్రం కొనవలసి వచ్చినప్పుడు, వచ్చిన ధరల పట్టికలను పరిశీలించే పని నాకు అప్పగించారు. కేటాయించిన సొమ్ము స్వల్పం. ఉపకార వేతనాల దరఖాస్తులకు గడువు సమీపిస్తున్నది. చౌకగా వచ్చే యంత్రం నిమిషానికి 40 ప్రతులు తీస్తుందని పెద్ద అక్షరాలతో రాసి ఉన్నది. అందరి చూపూ ఆ అంకె మీదనే. కాని దరఖాస్తు చేసే విద్యార్థి తెచ్చేది రెండు మూడు కాగితాలే. అతనికి కావలసింది మొదటి ప్రతి ఎన్ని సెకన్లలో వెలువడుతుందన్న లెక్క. అది పట్టికలో చివరి వరుసలో ఉంటుంది.

టోనరు సంగతి ఇంకా సూక్ష్మమైనది. ఇన్ని వేల ప్రతులు వస్తాయని చెప్పే అంకె, సాధారణంగా పుటలో 5 శాతం మేర మాత్రమే నలుపు ఉంటుందన్న ఊహపై ఆధారపడుతుంది. ఛాయాచిత్రం, గుండ్రని ముద్ర ఉన్న ధ్రువపత్రానికి అంతకంటె ఎక్కువ పొడి ఖర్చవుతుంది. ఇక మా మార్కుల రిజిస్టరు ఎ3 పరిమాణంలో ఉన్నది. దానిని ఎ4 కాగితంలో ఇమడ్చాలంటే 71 శాతానికి తగ్గించగలగాలి. చౌక యంత్రపు గాజుపై ఆ రిజిస్టరు పట్టనే పట్టదు.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది కాగితాలను తనంతట తానే లోపలికి లాగుకొనే అమరిక. కొత్త కాగితాలకు అది వరమే. మడతలు పడి, అంచులు చిరిగిన కుల ధ్రువపత్రాన్ని అందులో పెడితే నలిగిపోవచ్చు. ఆ విద్యార్థి వద్ద ఉన్నది ఆ ఒక్క పత్రమే. మరొకటి పొందాలంటే కార్యాలయాల చుట్టూ తిరగాలి; ఈలోగా గడువు దాటిపోతుంది.

వేగం తక్కువైనా, గాజు విశాలంగా ఉండి, టోనరు ఎక్కువ కాలం వచ్చే రెండవ యంత్రాన్ని సూచించాను. పెద్ద గుమాస్తాగారు ధర చూసి పెదవి విరిచారు. ఏడాదికయ్యే టోనరు ఖర్చును రెండింటికీ కలిపి చూపిన తరువాత, ‘సరేనండీ’ అని సంతకం చేశారు. యంత్రం వచ్చిన రోజున, అసలు పత్రాలను గాజుమీదనే పెట్టవలెనని ఒక కాగితంపై రాసి దాని మూతకు అంటించాము.