నా గుండెను నేను చూచిన దినము

గుండెను గూర్చి నాకు కొంత తెలియుననియే యింతకాల మనుకొనుచుంటిని. అమరకోశమున హృదయశబ్దమును మనస్సునకు పర్యాయముగ చదివితిని. కావ్యములలో నాయికల హృదయము లుప్పొంగుటయు, కరగుటయు, వ్రక్కలగుటయు నెన్నియో మారులు చూచితిని. కాని నా రొమ్ములోని పిడికెడంత కండకు తలుపులున్నవనియు, అందొకటి యిరువదియైదేండ్లుగా కొంచెము కొంచెముగ బిగిసికొనిపోవుచున్నదనియు మొన్న కార్తికమాసము దాక నెరుగను.

నాకు ముప్పదియారేండ్లు. మావారు జిల్లాపరిషత్తు ఉన్నతపాఠశాలలో గణితోపాధ్యాయులు. మాకు తొమ్మిదేండ్ల బాలిక యొకతె. రెండేండ్లనుండి, తడిబట్టల బకెట్టు పట్టుకొని డాబామీది కెక్కునప్పుడు నాకాయాసము వచ్చుచుండెను. మొదట మెట్లన్నియు నెక్కిన పిదప వచ్చెడిది. తరువాత సగము మెట్లకే వచ్చెడిది. ఎవరైన చూచుచున్నచో జడ సవరించుకొనుచున్నట్లు నటించి నిలిచెడిదానను. రాత్రులు వెల్లకిల పరుండిన నూపిరాడక రెండు తలగడ లెత్తుగ పెట్టుకొనుట యలవాటయ్యెను. ఒక వైద్యుడు రక్తము తక్కువయని యినుపమాత్ర లిచ్చెను. మరియొకరు ఇంటి చింత లెక్కువయై యుండునని చెప్పి మనస్సు నెమ్మదిగ నుంచుకొమ్మనిరి. మా అత్తగారు, కూర్చున్నచోటనే పుస్తకము పట్టుకొనువారి కాయాసము రాక యేమి వచ్చుననిరి. ఆ మాట నాకును నిజమనియే తోచెను. మరల నెవరితోను చెప్పలేదు.

కార్తికమాసమున అన్నవరము వెళ్లితిమి. కొండమీదికి బస్సున్నను మెట్లెక్కి పోవుదమని మా అమ్మాయి పట్టుపట్టెను. ఇరువది మెట్లయినను కాకమునుపే కూలబడితిని. జడ సవరించుకొనుటకుగూడ చేయి లేవలేదు. అప్పుడు మావారు నా మొగమును చూచిన చూపు నేను మరువలేను. మరునాడే జిల్లాపట్టణమున గుండెజబ్బుల వైద్యురాలి యొద్దకు తీసికొనిపోయిరి.

ఆమె స్టెతస్కోపు పెట్టి చాలసేపు వినిరి. ఎడమప్రక్కకు తిరుగుమని మరల వినిరి. పిమ్మట నా ఆయాసమును విడిచి నా బాల్యమును గూర్చి యడిగిరి. "చిన్నప్పుడు గొంతునొప్పితో జ్వరము వచ్చి, ఆపైన కీళ్లు వాచినవా?"

వాచినవి. అప్పుడు నాకు పదియేండ్లు. మోకాలు తగ్గినదనగా చీలమండ, అది తగ్గినదనగా మోచేయి. ఆ వాపు పనిలేని చుట్టమువలె నొక యింటినుండి మరియొక యింటికి పోవుచుండెను. మా నాయనమ్మ శొంఠి యరగదీసి పట్టువేసెను. ఆముదపుటాకులు వెచ్చచేసి కట్టెను. నెలలతరబడి మంచము దిగలేదు. బడి మానితిని; మరల పంపుటకు మా తండ్రిగారికి ధైర్యము చాలలేదు. వారే నా మంచముప్రక్క పీట వేసికొని అమరమును, భారతమును, వసుచరిత్రమును చెప్పిరి. నాకీనాడు నాలుగక్షరములు వచ్చినవన్న, ఆ జ్వరమువలననే. విద్య నిచ్చి పోయినదని దానియెడ కృతజ్ఞురాలనై యుంటిని గాని, పోవుచు లోపల నొక గురుతు పెట్టిపోయినదని తెలిసికొనలేదు.

గొంతును పట్టు స్ట్రెప్టోకాకస్ అను సూక్ష్మక్రిమిని తరుమబోయి, దేహమునందలి రక్షణశక్తి పొరపాటున గుండె కవాటములమీదను దాడిచేయునట. గొంతునొప్పి వచ్చిన పిల్లలందరికి నిట్లు కాదు, కొందరికే. అయిదు మొదలు పదునైదేండ్లవరకు నీ భయ మెక్కువ. కీళ్లు బాగుపడును, కవాటమునకైన గాయపు మచ్చ పోదు. దాని రెక్కలు దళసరియై, యంచు లంటుకొని, ద్వార మిరుకగును. ఎడమకర్ణికకును ఎడమజఠరికకును నడుమనుండు మైట్రల్ కవాటమునకే యిది తరచుగ తటస్థించును; స్త్రీలయందే హెచ్చుగ కనబడును. "తలుపు బిగిసినదని విని చెప్పగలను. ఎంత బిగిసినదో చూడవలెను. ఎకో తీయించుకొనుడు" అని డాక్టరుగా రనిరి.

చూడవలెనన్న మాటకు నాకు గుండె ఝల్లుమనెను. సూదికిని కత్తికిని నేను వెరవలేదు. రవిక విప్పవలెను గదా! ఆ గదిలో పురుషుడుండునేమోయని అడుగలేక యడిగితిని. పరీక్ష చేయునామెయు స్త్రీయేయని చెప్పిరి. ముందు తెరచు వస్త్రమొకటి కట్టుకొననిచ్చి, దుప్పటి కప్పి, కావలసినంతమేరకే తొలగించిరి. సోదరీమణులారా, పరీక్షించువారు పురుషులైనయెడల తోడుగ నొక నర్సు నుండుమని కోరవచ్చును. దానికి సంకోచింపవలదు. స్టెతస్కోపు పుట్టినదియు నిట్టి సంకోచమునుండియే. 1816లో పారిస్ నగరమందలి నెక్కర్ ఆసుపత్రిలో లెనెక్ అను వైద్యుడు, గుండెజబ్బుతో వచ్చిన యొక యువతి రొమ్మున చెవి యానించుటకు వెనుదీసి, కాగితమును గొట్టముగ చుట్టి దానిగుండ వినెను. చెవితో వినుటకంటె స్పష్టముగ వినబడెను!

గది చీకటిగ నుండెను. ఎడమప్రక్కకు తిరిగి, ఎడమచేయి తలక్రింద పెట్టుకొని పరుండితిని; అట్లు పరుండిన గుండె రొమ్ముగోడకు దగ్గరగునట. మూడు బిళ్లలంటించి, చల్లని జెల్లీ రాసి, పిడికిట నిముడు పరికర మొకదానిని ప్రక్కటెముకల సందున నానించిరి. నడుమ గాలి యున్నచో శబ్దము లోనికి పోదు; అందుకే జెల్లీ. అవును, ఇదంతయు శబ్దముతోడి పనియే. పరికరములోని స్ఫటికము విద్యుత్తు తగిలిన కంపించి శబ్దమును పుట్టించును. సెకనుకు 20,000 కంపనములకు మించిన శబ్దము మన చెవి కందదు. ఇది యిరువది ముప్పది లక్షల కంపనములది. అది గుండెగోడలకు తగిలి మరలివచ్చి స్ఫటికమును త్రాకి, మరల విద్యుత్తగును. దేహమున శబ్దము సెకనుకు 1,540 మీటర్ల వేగమున పోవును గనుక, తిరిగివచ్చుటకు పట్టిన కాలమునుబట్టి యెంత లోతున నేమున్నదో యంత్రము లెక్కకట్టి బొమ్మ గీయును. పదునైదు సెంటీమీటర్ల లోతునకు పోయివచ్చుటకు సెకనులో నయిదువేలవ వంతు చాలును. కొండయెదుట కేకవేసి మారుమ్రోతకు చెవియొగ్గిన పిల్లలందరును ఈ శాస్త్రమున కొంత పరిచయము గలవారే. ఎక్స్‌రే కిరణముల ప్రసక్తి లేదు గనుక గర్భిణులకును, వారి కడుపులోని శిశువు గుండెకు సయితము నీ పరీక్ష చేయుదురు.

తెరమీద మునిమాపు వెలుగువంటి బూడిదవన్నెలో నా గుండె కదలుచుండెను. పద్మమువలె లేదు. నిజము చెప్పవలెనన్న, ఏ కవి చెప్పినట్లును లేదు. "ఇదిగో, మీ తలుపు" అని ఆమె చూపిరి. రెక్కలు రెండును గాలి నిండిన తెరచాపవలె నుబ్బుచుండెను గాని కొనలు విడిపోవుటలేదు. అడ్డముగ చూపినప్పుడు ఆ ద్వారము చేపనోరువలె సన్నగ తెరచుకొని మూసికొనుచుండెను. నేను నిద్రించినను, వంటచేసినను, పద్యము చదివినను, దినమునకు లక్షసారు లీ చిన్ననోరు కష్టపడి తెరచుకొనుచున్నదిగదా యని జాలికలిగెను. నామీద నాకెన్నడును కలుగని జాలి, దానిమీద కలిగెను.

పిమ్మట రంగులు కనబడెను. ఎరుపు మంచిరక్తమనియు నీలము చెడురక్తమనియు నేననుకొంటిని. అది పొరపాటు. పరికరమువైపు వచ్చు రక్తమున కెరుపును, దూరముగ పోవుదానికి నీలమును యంత్రము వేయును. వచ్చుచున్న రైలు కూత హెచ్చుస్వరమునను, పోవుచున్న రైలు కూత తగ్గుస్వరమునను వినబడుటకు కారణమైన సూత్రమునే, 1842లో డాప్లరు అను పండితుడు చెప్పినదానిని, రక్తవేగమును కొలుచుట కుపయోగించుచున్నారు. నా యిరుకుద్వారమునుండి వెడలు రక్తము పసుపు, నీలము, ఎరుపు కలగలసి దీపశిఖవలె కోసుగ చిమ్ముచుండెను. చూచుటకు మాత్రము మిక్కిలి యందముగ నుండెను.

ఇంటికి వచ్చిన పిదప మావారును నేనును దీని చరిత్ర చదివితిమి. స్వీడన్ దేశమున లుండ్ పట్టణములో ఇంగె ఎడ్లర్ అను వైద్యునికి గల చిక్కు సరిగా నా జబ్బే. మైట్రల్ కవాట మిరుకైనవారికి శస్త్రచికిత్స చేయుట యప్పటికే మొదలయ్యెను. ఎవరికి చేయవలెనో రొమ్ము కోయకముందు నిశ్చయముగ తెలియుట కష్టముగ నుండెను. హెర్ట్జ్ అను భౌతికశాస్త్రజ్ఞు డాయనకు తోడయ్యెను. ఓడల కర్మాగారమున లోహములోని పగుళ్లను శబ్దముతో కనిపెట్టు యంత్రముండుట యెరిగి, అట్టిదానిని గుండెమీద పెట్టిచూచిరి. 1953 అక్టోబరులో కదలుచున్న గుండె ప్రతిధ్వనులను మొదటిసారి నమోదు చేసిరి. వేగముగ కదలు నొక ప్రతిధ్వనిని ఎడ్లర్ మొదట కర్ణికగోడ దనుకొనెను. కొంతకాలమునకు గాని యది మైట్రల్ కవాటపు ముందురెక్కదని తేలలేదు. 1977లో వారిద్దరికి లాస్కరు బహుమతి వచ్చెను. ఓడకు పరీక్షగ పుట్టినది ఆడుదాని యాయాసమును కనిపెట్టుటకు వచ్చినదని మావారు నవ్విరి.

ఆయన నవ్వు ఫలితము చదువునప్పుడు లేదు. కాగితముమీద గుండె రక్తమును నెట్టు శక్తి నూటికి 60 అని యుండెను. మార్కులు వేయు అలవాటుగలవారు గనుక "అరువదియేనా?" యని కళవళపడిరి. డాక్టరుగారు నవ్వి, 55 మొదలు 70 వరకు నుండుట యారోగ్యమే. ఏ గుండెయు నూటికి నూరు తెచ్చుకొనదనిరి. చెడ్డసంఖ్య వేరొకటి. కవాటద్వారము నాలుగు మొదలు ఆరు చదరపు సెంటీమీటర్లుండవలసినది, నాది 1.3. ఒకటిన్నరకు తగ్గినచో తీవ్రముగ నెంచుదురు.

గర్భిణీస్త్రీ దేహమున రక్తము నూటికి నలువది యేబది పాళ్లు హెచ్చును. ఇరుకుతలుపుగుండ ఆ హెచ్చురక్తము పోవలెను. మా అమ్మాయి కడుపున నుండగా ఏడవనెలలో గోడపట్టుకొని రాత్రులు కూర్చుండియే గడపితిని. గర్భిణుల కదంతయు సహజమేయని అందరు ననిరి; నేనును అంటిని. కొంత ఆయాసము సహజమేనట. పరుండలేకపోవుట సహజము కాదట. ఇంకొక బిడ్డకావలెనని మా యింట నున్న కోరికనుగూర్చి, ముందు తలుపు తెరచినపిదప మాటలాడుదమని డాక్టరుగారు చెప్పిరి.

తలుపు తెరచు విధమును చెప్పిరి. తొడమూలమందలి సిరగుండ సన్నని గొట్టమును గుండెలోనికి పంపి, కవాటమున నొక బుడగనుబ్బించి, అంటుకొన్న యంచులను విడదీయుదురు. జపానుదేశపు వైద్యుడు ఇనోవే 1984లో ప్రకటించిన పద్ధతి యది. అంతకుముందు కర్ణికలో రక్తపుగడ్డ లేదని నిశ్చయించుకొనుటకు అన్ననాళములోనికి గొట్టము దించి మరియొక ఎకో తీయవలెనట. అది నేటిదానివలె సుఖముగ నుండదని ముందే చెప్పిరి. మాఘమాసమున దినము నిర్ణయించిరి. ఈలోగా మూడువారముల కొకమారు పెన్సిలిన్ సూది. దాని నొప్పి నేను వర్ణింపను.

ఒక మాట మరువరాదు. ఎకో అన్నిటిని చూపదు. గుండెకు రక్తమిచ్చు ధమనులలోని అడ్డంకు లిందు తిన్నగ కనబడవు; ఎకో బాగున్నదని గుండెనొప్పిని లక్ష్యపెట్టకుండుట తగదు.

మొన్న మా అమ్మాయికి గొంతునొప్పి వచ్చెను. ఉప్పునీరు పుక్కిలింపుమని చెప్పి యూరకుండెడిదానను. ఈ మారు తెల్లవారగనే వైద్యునియొద్దకు తీసికొనిపోయితిని; ఇచ్చిన మందు నొప్పి తగ్గినను మానక దినములన్నియు పూర్తిచేయించితిని.

మావారి ఫోనులో నా గుండె కదలుచున్న బొమ్మను మా అత్తగారు రెండుమారులు చూచి, "ఆంజనేయస్వామి అంతవాడు రొమ్ము చీల్చుకొని చూపవలసివచ్చెను. నీకు జెల్లీ రాసిన సరిపోయెనా?" అనిరి. అందరము నవ్వితిమి. ఆ రాత్రి వారు వంటయింటికి వచ్చి, తలుపు దగ్గరగ వేసి, చీర కుచ్చెళ్లు కొంచె మెత్తి చీలమండ చూపిరి. బొటనవ్రేలితో నొక్కిరి. గుంట పడి యట్లే నిలిచెను. "ఏడాదినుండి యిట్లే యున్నదమ్మా. ఆ పిల్ల ముసలివారికి గూడ చేయునా?" అని యడిగిరి.

గురువార మిద్దరమును పోవుచున్నాము.