బండెక్కిన బండి

మే, జూన్ నెలల్లో ఏ జిల్లా రోడ్డు మీద నిలబడినా ఇళ్లు మారే సామాను కనబడుతుంది. స్కూళ్లు తెరిచేలోపు కొత్త ఊరు చేరాలని బదిలీ అయిన ఉద్యోగుల తొందర. పికప్ తొట్టిలో ఒక పక్క బీరువా, ఫ్రిజ్జు, పరుపులు. రెండో పక్క సైడు స్టాండు మీద మోటార్ సైకిలు. దాని మీద ఒక కుర్రాడు. ఇంటాయన కొడుకో, హమాలీల్లో చిన్నవాడో. కాళ్లు రెండూ అటూ ఇటూ తన్నిపెట్టి, బ్రేకు బిగబట్టి, ఊరు వచ్చేదాకా అలాగే కూర్చుంటాడు. బండి పడకుండా చూడటం అతని పని.

అతన్ని చూసినప్పుడల్లా నా గుండె ఝల్లుమంటుంది. తాడు సరిగ్గా కడితే ఆ కుర్రాడికి అక్కడ పనే లేదు.

బరువు పెద్ద సమస్య కాదు. 2005లో వచ్చిన టాటా ఏస్ ముప్పాతిక టన్ను మోస్తుంది. స్ప్లెండర్ 110 కిలోల పైచిలుకు, బుల్లెట్ 190 దాటుతుంది. పొడవు మాత్రం చూసుకోవాలి. ఏస్ తొట్టి ఏడడుగుల పైన ఉంటుంది కాబట్టి స్ప్లెండర్ ఎక్కాక వెనక డోరు మూసుకుంటుంది. బుల్లెట్‌కి ఇరుకు, బొలేరో పికప్ మాట్లాడుకోవడం మేలు.

ఎక్కించడం దగ్గర మన ఊళ్ల పద్ధతి నాకు చాలా ఇష్టం. పికప్‌ని రోడ్డు పక్క గట్టుకో, కంకర కుప్పకో, గోడౌన్ అరుగుకో వెనక్కి ఆనించి, తొట్టీ గట్టూ ఒక ఎత్తుకు వచ్చాక బండిని తిన్నగా నడిపించేస్తారు. ఎంత ఖరీదైన ర్యాంపూ దీనికి సాటిరాదు. గట్టు దొరకనప్పుడే పలక. పలక మీద సగం దూరం వెళ్లేసరికి బండి తొట్టి ఎత్తుకు చేరుతుంది, తోసేవాడు నేల మీదే ఉండిపోతాడు, హ్యాండిలు అందదు. అందుకని మనిషి నడవడానికి పక్కన ఇంకో పలక వేయాలి. బ్రేకు సంగతీ ఉంది. ఎత్తు ఎక్కేటప్పుడు బరువంతా వెనక చక్రం మీద పడుతుంది. ముందు బ్రేకు ఎంత నొక్కినా ముందు చక్రం జారుతూ వెనక్కి వచ్చేస్తుంది. ఇంజిను ఆపి, ఫస్ట్ గేరులో ఉంచి, క్లచ్చు పట్టుకుని తోయాలి. కాలు తడబడితే క్లచ్చు వదిలేస్తే చాలు, వెనక చక్రం ఉన్నచోటే బిగుసుకుంటుంది. ఈ కిటుకు తెలిసిన మెకానిక్కులు ఒంటిచేత్తో ఆపగలరు.

ఇక కట్టడం. అసలు విద్య ఇక్కడుంది. సైడు స్టాండు వేసి నాలుగు చుట్లు చుట్టడం కట్టడం కాదు. గతుకు రాగానే తొట్టి ఎగురుతుంది, బండి స్ప్రింగులు దిగుతాయి, ఆ క్షణం తాడు వదులవుతుంది, కొక్కెం ఊడుతుంది. కాబట్టి ముందు స్ప్రింగులను లొంగదీయాలి. స్టాండు ఎత్తేసి, బండిని రెండు చక్రాల మీద నిటారుగా నిలబెట్టి, ముందు చక్రాన్ని క్యాబిన్ వైపు గోడకు ఆనించి, మధ్యలో పాత టైరు ముక్క పెట్టాలి. తాడు వేయాల్సింది హ్యాండిల్ చివర కాదు. దాని కింద షాకులు రెంటినీ పట్టి ఉంచే అడ్డపట్టీకి. మెకానిక్కులు 'టీ' అంటారు. అక్కడి నుంచి ముందు మూలలకు చెరొక తాడు లాగాలి. ఒకరు హ్యాండిల్ మీద బరువు వేసి నొక్కుతుంటే ఇంకొకరు ముడి బిగించాలి. షాకులు సగం దిగితే చాలు. పూర్తిగా దించేస్తే ఆయిల్ సీళ్లు పాడవుతాయి. అలా దిగిన షాకులు పైకి లేవాలని చూస్తూనే ఉంటాయి కనుక గతుకుల్లోనూ తాడు బిగువు తగ్గదు. వెనక ఫ్రేముకు ఇంకో రెండు తాళ్లు, చక్రం పక్కకు ఎగరకుండా. అప్పుడే నడిపి తెచ్చిన బండైతే సైలెన్సరుకు నైలాన్ తాడు తగలనివ్వకండి, కరిగి తెగుతుంది. పెయింటు ఒరిసే చోట గోనె ముక్క.

నైలాన్ తాడు ఎంత గట్టిగా లాగినా కొంత సాగుతుంది. పది కిలోమీటర్లు పోయాక ఆగి, ప్రతి ముడీ చేత్తో పట్టి చూడాలి. మంచి డ్రైవర్లు చెప్పకుండానే ఆపుతారు. అలాంటి డ్రైవరు దొరికితే ఫోను నంబరు రాసి పెట్టుకోవాలి.

బండిని పడుకోబెట్టి తీసుకుపోవడం ఇంకొక దురలవాటు. పెట్రోలు కారుతుంది, ఇంజిన్ ఆయిలు ఎయిర్ ఫిల్టరులోకి చేరుతుంది, పాతరకం బ్యాటరీ అయితే యాసిడ్ ఒలుకుతుంది. రైల్లో పార్సిల్ చేసేటప్పుడు ట్యాంకు ఖాళీ చేస్తేనే బండిని తీసుకుంటారు. పికప్‌కి అంత అక్కర్లేదు గానీ, బయల్దేరే ముందు ట్యాంకు నింపకుండా ఉంటే మంచిది.

ఇంత చేస్తే బండి కదలదు. చేయకపోతే ఆ లోటు కుర్రాడి ఒంటి మీద పడుతుంది. డ్రైవరు ఒక్కసారి గట్టిగా బ్రేకు వేస్తే నూట పది కిలోల ఇనుముతో పాటు అతనూ ముందుకు దూకుతాడు. ఎన్ని కండలున్నా ఆపగలిగింది కాదది. సరుకు బండి తొట్టిలో మనిషిని ఎక్కించడానికి చట్టమూ ఒప్పుకోదు, ప్రమాదం జరిగితే బీమా దగ్గరా చిక్కే.

ఈసారి మీ ఇల్లు మారేటప్పుడు నాలుగు గట్టి తాళ్లు కొనండి. కట్టడానికి ఇంకో అరగంట ఎక్కువ తీసుకోండి. "నేను పట్టుకుంటాలే నాన్నా" అని కుర్రాడు ఉత్సాహంగా ఎక్కబోతే దింపి, ముందు సీట్లో మీ పక్కన కూర్చోబెట్టుకోండి.