టెక్సాస్ తిరునాళ్ళలో తాతయ్య

పిల్లలూ! కోటప్పకొండ తిరునాళ్ళకో, మీ ప్రక్క వూరి సంతకో మీరు వెళ్ళే వుంటారు. అమెరికా పల్లెపట్టుల్లో కూడా అలాటి సంబరం ఒకటి వుంది. దాన్ని కౌంటీ ఫెయిర్ అంటారు. కౌంటీ అంటే మన జిల్లా వంటిది.

2023 సెప్టెంబరు నెలాఖరున నేనూ, మా నాన్నగారూ టెక్సాస్‌లో వుండే మా తమ్ముడింట్లో వున్నాం. ఒక శనివారం పొద్దున్నే అందరం కారెక్కి, రోజెన్‌బర్గ్‌లో జరిగే ఫోర్ట్ బెండ్ కౌంటీ ఫెయిర్‌కు వెళ్ళాం. తమ్ముడి కూతురు చిన్నికి పదేళ్ళు. దాని ధ్యాసంతా జెయింటు వీలు మీదే. 1893లో చికాగోలో ఫెర్రిస్ అనే ఇంజనీరు కట్టిన మొదటి చక్రం ఎత్తు 264 అడుగులు. దాని ముందు ఇది పసిపిల్ల. అయినా దిగేసరికి చిన్ని మొహం పాలిపోయింది.

నాన్నగారు కాల్చిన మొక్కజొన్న పొత్తు తిన్నారు. వెన్న పూశారే గాని కారం లేదని సణిగి, రెండోది అడిగారు.

అసలు ఈ సంబరాలు పశువులతోనే మొదలైనాయి. 1807లో మసాచుసెట్స్ రాష్ట్రంలోని పిట్స్‌ఫీల్డ్‌లో ఎల్కనా వాట్సన్ అనే ఆయన తన రెండు మెరినో గొర్రెలను అందరూ చూసేలా నడివూళ్ళో వుంచాడు. ఆ జాతి ఉన్ని బహు మెత్తన. వాటిని చూడటానికి జనం మూగారు. కొన్నేళ్ళలోనే అక్కడ పశువుల ప్రదర్శనలూ, బహుమతులూ వెలిశాయి.

మేము పశువుల పాకలోకి అడుగు పెట్టామో లేదో, నాన్నగారు టక్కున ఆగిపోయారు. ఎదురుగా తెల్లని పెయ్య! ఎత్తయిన మూపురం, క్రిందికి జారిన గంగడోలు.

"ఒరే, ఇది మన వూరిదిరా!" అన్నారు. మాది ఒంగోలు ప్రక్క పల్లె.

ఆయన మాటలో సగం నిజం. దాన్ని అక్కడ బ్రాహ్మన్ అంటారు. టెక్సాస్ ఎండలకూ, పిడుదులకూ ఐరోపా ఆవులు తట్టుకోలేకపోయేవి. అందుకని మన దేశం నుంచి వచ్చిన ఒంగోలు, గిర్, కాంక్రేజ్, కృష్ణాలోయ జాతులను కలిపి ఈ జాతిని తయారు చేశారు. 1926 వరకు దిగుమతి అయినవి సుమారు 300 పశువులే. ఒంగోలు జాతిని వాళ్ళు నెలోర్ అంటారు. పంతొమ్మిదో శతాబ్దంలో ఒంగోలు నెల్లూరు జిల్లాలో వుండేది మరి!

"చెవులు మాత్రం మనవి కావు. ఇంత పొడుగా!" అన్నారు నాన్నగారు. అవును, అవి గిర్ పోలిక.

పెయ్యను పెంచిన అమ్మాయి చిన్ని కంటే ఏడాదో రెండేళ్ళో పెద్దది. ఆమె సరేనన్న మీదట నాన్నగారు గంగడోలు గోకారు. పెయ్య కళ్ళు మూసి, మెడ పైకి చాచింది. ఆ అమ్మాయికి నవ్వాగలేదు. తాతకు ఇంగ్లీషు రాదు, ఆమెకు తెలుగు రాదు. అయినా దాణా గురించి పావుగంట మాట్లాడుకున్నారు!

మధ్యాహ్నం వేలంపాట. పిల్లలు నెలల తరబడి పెంచిన జీవాలను తామే నడిపించుకు వచ్చి అమ్ముతారు. కొనేవాళ్ళు పిల్లల చదువుకు సాయంగా వుంటుందని, బజారు ధర కంటే ఎక్కువే పాడతారు. పాటగాడు గుక్క తిప్పుకోకుండా అంకెలు చదువుతున్నాడు.

ఒక కుర్రవాడు గొర్రెపిల్లను తెచ్చాడు. మంచి ధరే పలికింది. అందరూ చప్పట్లు కొట్టారు. వాడు గొర్రె మెడ కౌగలించుకుని ఏడ్చాడు.

"దాన్ని ఏం చేస్తారు, తాతయ్యా?" అన్నది చిన్ని.

"కోస్తారమ్మా" అన్నారు నాన్నగారు. దాచలేదు.

"మరి ఆ అబ్బాయికి తెలుసా?"

"తెలుసు. అందుకే ఏడుస్తున్నాడు."

కాసేపటికి ఆ కుర్రవాడు ఉత్త పలుపు చేతికి చుట్టుకుని మా ముందు నుంచే వెళ్ళాడు.

కారులో చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. తరువాత నాన్నగారే అన్నారు: "ట్రాక్టరు కొన్న యేడు నేను జోడెద్దులను అమ్మాను, చిన్నీ. పలుపుతాళ్ళు మాత్రం ఇవ్వలేదు."

మా ఇంటి కొట్టులో మేకుకు వేలాడుతూ రెండు పాత తాళ్ళు వుండేవి. చిన్నప్పుడు నేను ఉయ్యాలకు అడిగితే నాన్నగారు కసిరారు. ఎందుకో ఆనాడు నాకు చెప్పలేదు.