అభ్రకం చెప్పిన దొంగ వయసు

ఇటలీ వెళ్లినవాళ్లంతా వెనిస్ పడవల వైపు పరిగెడతారు. నేను మాత్రం టూరిన్ నుంచి దక్షిణంగా సలుత్సో దాటి, మార్టినియానా పో అనే చిన్న ఊరికి వెళ్లాను. ‘పో’ అక్కడి నది పేరు. ఎవర్నీ పొమ్మనడం కాదు!

లోయ చివర 3,841 మీటర్ల మోన్‌విజో శిఖరం. ఊరి పై కొండవాలులో తెల్లటి రాయి. అందులో లేత గులాబీ గార్నెట్లు, కొన్నైతే కొబ్బరికాయంత! 1984లో ఫ్రెంచ్ శాస్త్రవేత్త క్రిస్టియన్ షోపాన్ వీటిలోనే కోయెసైట్‌ని కనిపెట్టారు. ఇసుకలో ఉండే క్వార్ట్జ్ విపరీతమైన ఒత్తిడికి గురైతే కోయెసైట్ అవుతుంది. అంటే ఈ రాయి సుమారు 100 కిలోమీటర్ల లోతుకెళ్లి తిరిగొచ్చిందన్నమాట.

మరి ఎప్పుడెళ్లింది? తిరకాసంతా ఇక్కడే.

ఇక్కడి తెల్ల అభ్రకంలో పొటాషియం ఉంటుంది. అందులో పొటాషియం-40 అనే రకం 125 కోట్ల ఏళ్లకు సగం తరిగిపోతుంది. అలా తరిగినదాంట్లో కొంత ఆర్గాన్ వాయువవుతుంది. ఎంత ఆర్గాన్ పోగైందో కొలిస్తే వయసు తెలుస్తుంది. అలా లెక్కేస్తే సుమారు 10 కోట్ల ఏళ్లకు పైనే వచ్చింది. తర్వాత జిర్కాన్‌లో యురేనియం, సీసం కొలిచి చూస్తే 3.5 కోట్ల ఏళ్లే!

తూకం వేసేముందు కాటా ముల్లు సున్నా మీద ఉందో లేదో చూస్తాం కదా. ఇక్కడ ముల్లు సున్నాలో లేదు. పాత రాళ్లలో అప్పటికే పుట్టిన ఆర్గాన్, ఆ ఒత్తిడిలో బయటికి పోయే దారిలేక కొత్త అభ్రకంలో దూరింది. అభ్రకాన్ని మెట్లు మెట్లుగా వేడిచేసి కొలిచినా, అన్ని మెట్లలోనూ దాదాపు ఒకే వయసు రావచ్చు. అయినా అది తప్పే కావచ్చు.

ఈ తేడాతో ఆల్ప్స్ కథే మారిపోయింది. డైనోసార్ల కాలం నాటి సంగతి కాస్తా, అవి అంతరించిన 3 కోట్ల ఏళ్ల తర్వాతిదైంది. రాయి నిదానంగా కాదు, మొదట్లో ఏడాదికి కొన్ని సెంటీమీటర్ల చొప్పున పైకొచ్చిందని తేలింది. కొండలకి అది పరుగే.

అంతదూరం వెళ్లలేకపోతే లడాఖ్ ఉంది. సో మొరారి సరస్సు ప్రాంతపు రాళ్లలోనూ కోయెసైట్ దొరికింది. ఎక్కడికెళ్లినా రాయిని జేబులో వేసుకోకండి. ‘ఇన్ని కోట్ల ఏళ్ల నాటిది’ అని ఎవరైనా చెబితే మాత్రం ఒక్కటడగండి: ఇంకో పద్ధతిలో కొలిచినా అంతే వచ్చిందా?